పంచాంగం పోతే నక్షత్రాలు పోతాయా?

మన ఊళ్లలో ఎక్కువ ఇళ్లలో ఉండే పుస్తకం ఏది అని తరగతిలో అడిగితే పిల్లలు వాచకం పేరు చెబుతారు. నిజానికి ఆ పుస్తకం పంచాంగం. పుస్తకంగా కొనుక్కోని ఇంట్లో కూడా గోడమీద క్యాలెండరుగా ఉంటుంది. విత్తనాల కొట్టువాళ్లో, పురుగుమందుల కొట్టువాళ్లో ఊరికే ఇచ్చిన ఆ క్యాలెండరులో ప్రతి గడిలోనూ తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం చిన్న అక్షరాల్లో ఉంటాయి. మన సభల్లో కథల్ని విమర్శిస్తాం, కవితల్ని విమర్శిస్తాం. ఇంతమంది రోజూ చూసే ఈ పుస్తకాన్ని మాత్రం విమర్శకు తీసుకోం. నమ్మేవాళ్లు దండం పెడతారు, నమ్మనివాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఈ రెండింట్లో ఏదీ చదవడం కాదు. ఈ వ్యాసంలో దాన్ని ఒక పుస్తకంగా చదవాలన్నది మా ప్రయత్నం.

మేము గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ఊళ్లలో పత్తి, మిరప చేల మధ్య పెరిగిన ఎరుకలవాళ్లం. టీటీసీ చదివి ప్రాథమిక బడుల్లో పాఠాలు చెబుతున్నాం. మా తరగతుల్లో యానాది, సుగాలి, చెంచు పిల్లలు కూడా కూర్చున్నారు. కాబట్టి ఇక్కడ చెప్పేది మైదానంలో బతికే గిరిజనుల వైపు నుంచి చూసిన చూపు.

మేము చెప్పదలచింది ఒక్కటే. పంచాంగం ఒక పుస్తకం కాదు, ఒకే అట్టలో కుట్టిన రెండు పుస్తకాలు. ఒకటి ఆకాశపు లెక్క. రెండోది మంచిచెడ్డల తీర్పు. మొదటిది అందరిదీ. రెండోది కొందరిది.

మొదటి పుస్తకాన్ని ముందు చూద్దాం. పంచాంగం అంటే అయిదు అంగాలు: తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. అలాంటివి 30 అయితే ఒక చాంద్రమాసం. చంద్రుడు నడిచే దారిని 27 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నక్షత్రం. తిథిలో సగం కరణం. సూర్యచంద్రుల స్థానాలను కూడి ఆ మొత్తాన్ని 27 భాగాలు చేస్తే యోగం. చంద్రుడి నడక ఎప్పుడూ ఒకే వేగంతో ఉండదు. అందుకే ఒక తిథి 20 గంటల్లో ముగిస్తే మరొకటి 26 గంటలు దాటుతుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు అదే పేరు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి రుతువులతో తేడా వస్తుంది. ఆ తేడా సర్దడానికి 19 ఏళ్లలో 7 అధిక మాసాలు వేస్తారు. 2023లో వచ్చిన అధిక శ్రావణం అలాంటిదే. రోజుకు 60 గడియలు, గడియకు 24 నిమిషాలు. దుర్భిణి లేని కాలంలో, కంటిచూపుతో, తరతరాల ఓపికతో కట్టిన లెక్క ఇది. దీన్ని మనం తీసిపారేయకూడదు.

ఈ లెక్కకు బ్రాహ్మణ వీధి ఒక్కటే చిరునామా కాదని మాకు నేర్పింది ఒక యానాది పిల్లవాడు. మేము మొదట పనిచేసిన బడి రేపల్లె వైపు, ఉప్పుకాలువల దగ్గర. నాలుగో తరగతిలో చంద్రకళల పాఠం చెబుతూ, ఈ రోజు తిథి ఏమిటో ఇంట్లో అడిగి రమ్మన్నాం. ఆ పిల్లవాడు లేచి, "అడగక్కర్లేదు సార్, ఇవాళ నీళ్లు చచ్చుగా ఉన్నాయి, అష్టమి దగ్గర" అన్నాడు. వాళ్ల నాన్న కాలువల్లో పీతలు పడతాడు. అమావాస్యకూ పున్నమికీ పోటు బలంగా వస్తుంది, పాటు దూరంగా లాగుతుంది. అష్టమి ప్రాంతంలో రెండూ బలహీనపడతాయి. పోటు వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అంటే దాదాపు రెండు గడియలు. ఆ పిల్లవాడి ఇంట్లో పంచాంగం లేదు. తిథి మాత్రం వాళ్ల అన్నం కుండలో ఉంది. అష్టమి, నవమి మంచివి కావని పట్నంలో ప్రయాణాలు మానుకుంటారు. ఆ ఇంట్లో అష్టమి మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. పీతలు తక్కువ పడే రోజు, అంతే.

మెట్ట ఊళ్లలో కార్తెలు కూడా ఇలాంటివే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులుంటే అది ఒక కార్తె. మే చివరి వారంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర. ఆ తేదీలను లెక్కకట్టినవాడు సిద్ధాంతి కావచ్చు. ఏ కార్తెలో పత్తి గింజ పెట్టాలో, ఏ కార్తె దాటితే మిరపనారు ముదురుతుందో చెప్పింది మాత్రం చేలో వంగిన నడుములు. ఆ మాటలు చెప్పినవాళ్ల పేర్లు ఏ పంచాంగం అట్టమీదా ఉండవు.

మొదటి పుస్తకానికి ఇంకో మంచి గుణం ఉంది. దాన్ని తప్పుపట్టవచ్చు. సంక్రాంతితో ఉత్తరాయణం మొదలవుతుందని పంచాంగం చెబుతుంది. పగలు పెరగడం మొదలయ్యేది డిసెంబరు 22 ప్రాంతంలో. సంక్రాంతి వచ్చేది జనవరి 14, 15న. దాదాపు 1700 ఏళ్ల కింద ఈ రెండూ ఒకేచోట ఉండేవి. భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల అవి విడిపోయాయి. ఇలాంటి తేడాలు చూడడానికే 1952లో భారత ప్రభుత్వం ఒక సంఘం వేసింది. దాని అధ్యక్షుడు మేఘనాద్ సాహా. ఢాకా దగ్గర పల్లెలో చిన్న కొట్టు నడుపుకునే ఇంట్లో పుట్టినవాడు, చదువుకునే రోజుల్లో హాస్టల్లో కులం పేరుతో వేరుగా కూర్చుని తిన్నవాడు. దేశంలో ఉన్న 30 రకాల లెక్కలను ఆ సంఘం ముందు పెట్టుకుంది. దాని సిఫారసుతో 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండరు వచ్చింది. ప్రభుత్వ గెజిట్ మీద శక సంవత్సరపు తేదీ కనిపించేది అందుకే. పంక్తిలోకి రానివ్వని వాడి చేతికి దేశం పంచాంగాన్ని సరిదిద్దే పని ఇచ్చింది. ఈ సంగతి మన పిల్లలకు పాఠంగా చెప్పదగినది.

ఇక రెండో పుస్తకం. ఇది లెక్కలా కనిపిస్తుంది గానీ లెక్క కాదు. రాహుకాలమే తీసుకోండి. పగటిని ఎనిమిది భాగాలు చేస్తారు. సోమవారం రెండో భాగం, శనివారం మూడో భాగం, శుక్రవారం నాలుగో భాగం, ఇలా వారానికొక భాగం రాహువుది. ఆకాశంలో రాహువు అంటే చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే ఒక బిందువు. అది ఒక చుట్టు తిరగడానికి సుమారు పద్దెనిమిదిన్నర ఏళ్లు పడుతుంది. రాహుకాలం కట్టడానికి ఆ బిందువు ఎక్కడుందో చూడరు. వారం పేరు, సూర్యోదయ సూర్యాస్తమయాలు తెలిస్తే చాలు. ఆ ఏడు వారాల లెక్క కూడా వేదాల్లో లేదు. గ్రీకుల జ్యోతిషంతో పాటు మన దేశానికి వచ్చింది. 'హోర' అనే మాటే గ్రీకు మాట. వచ్చినదాన్ని తప్పనడం లేదు. అనాదిగా ఉందని చెప్పి మనల్ని నోరు మూయించకూడదు అంటున్నాం, అంతే.

ఒక సోమవారం పగటిని కూడి చూద్దాం. ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గుంకుతుందనుకోండి. రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. యమగండం పదిన్నర నుంచి పన్నెండు. దుర్ముహూర్తాలు రెండు, ఒక్కోటి 48 నిమిషాలు. మొత్తం 4 గంటల 36 నిమిషాలు. వర్జ్యం పగలు పడితే ఇంకో గంటన్నర. అంటే పన్నెండు గంటల పగటిలో సగం దాకా పనికిరాని కాలం. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఇది. ఈ కాలం ఎవరికి పనికిరానిది? సోమవారం ఏడున్నరకు మిరప చేలో ఉన్న కూలిమనిషికి ఎవరైనా, "రాహుకాలం, చెట్టు ముట్టుకోకు, గట్టున కూర్చో, కూలి ఇస్తాం" అన్నారా?

మేము చూసింది ఒకటి చెబుతాం. బడి సెలవుల్లో మేమూ కోతకు పోయేవాళ్లం. ఒక ఊళ్లో తొలి కోత సోమవారం పెట్టారు. ఏడింటికే ఆటో దింపింది. చేను ఆసామి వచ్చి, రాహుకాలం పోయాక మొదలుపెట్టండి అన్నాడు. ముప్పైమంది ఆడవాళ్లు రెండు గంటలు గట్టుమీద కూర్చున్నారు. సాయంత్రం ఆ రెండు గంటలూ చీకటి పడేదాకా కోసి ఇచ్చారు. మర్నాడు మంగళవారం. మూడింటికి రాహుకాలం వచ్చింది. కాయ యార్డుకు పోవాలి, లారీ నిలబడి ఉంది. ఎవరూ రాహువు మాట ఎత్తలేదు. మొదటి రోజు రాహువు కూలివాళ్ల పొద్దును తిన్నాడు, రెండో రోజు లారీకి దారి ఇచ్చాడు. చెడు కాలం ఎవరి నష్టం మీద ఆగుతుందో, ఎవరి లాభం ముందు తొలుగుతుందో ఆ రెండు రోజుల్లో మాకు అర్థమైంది.

ఉగాది సాయంత్రం పంచాంగ శ్రవణం ఈ రెండో పుస్తకానికి తలుపు. రామాలయం అరుగుమీద కాపులు కూర్చుంటారు, మనవాళ్లు కింద నిలబడతారు. రాజు ఎవరు, మంత్రి ఎవరు, సస్యాధిపతి ఎవరు అని చదువుతారు. ఎర్రని పంటలకు బాగుంటుందన్న మాట వస్తే మిరప రైతుల ముఖాలు వెలుగుతాయి. 2021లో వచ్చింది ప్లవ సంవత్సరం. ఆ ఏడాది గుంటూరు, ప్రకాశం మిరపను తినేసింది నల్లతామర పురుగు. అది ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు. 2024లో వచ్చింది క్రోధి. ఆ సంవత్సరం చివర, 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కకట్టి మార్కెట్ జోక్యం ప్రకటించవలసి వచ్చింది. పురుగు ఎలా వచ్చింది, ధర ఎందుకు పడింది, కౌలుదారుకు అప్పు ఎవరిచ్చారు, ఏ వడ్డీకి ఇచ్చారు అని అడగవలసిన చోట సస్యాధిపతి పేరు చెబితే అడగవలసినవాళ్లు తప్పించుకుంటారు. నష్టానికి గ్రహం జవాబుదారీ అయితే మనుషులెవరూ జవాబు చెప్పక్కర్లేదు.

రాశిఫలాల ఆదాయ వ్యయాలు కూడా పిల్లలచేత పరీక్ష చేయించవచ్చు. పన్నెండు రాశుల ఆదాయాలూ వ్యయాలూ బోర్డుమీద రాయించండి. మామూలుగా అవి 2, 5, 8, 11, 14 అనే అయిదు అంకెల్లోనే ఉంటాయి. ప్రతిదాన్నీ మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. అది ఒక గుణకారం, ఒక కూడిక, ఒక భాగహారంతో వచ్చే శేషం. నలభై ఎకరాల ఆసామికీ, ఆ చేలో పత్తి తీసే మనిషికీ రాశి ఒకటైతే ఆదాయం 14. అయిదో తరగతి పిల్లలు ఇది చూసి నవ్వుతారు. ఆ నవ్వు మంచి చదువు.

ఇక్కడ మా కులవృత్తి మాట చెప్పాలి. మా నాయనమ్మ గంపలు, చేటలు అల్లేది, ఊళ్లు తిరిగి సోది చెప్పేది. చేటలో బియ్యం పోయించుకుని, ఎదుటి మనిషి చెయ్యి పట్టుకుని చెప్పేది. సిద్ధాంతి చెప్పేదీ రాబోయే కాలమే, మా నాయనమ్మ చెప్పిందీ అదే. ఒకటి శాస్త్రమైంది, ఇంకొకటి తిట్టయింది. "సోది ఆపు" అని ఇవాళ అందరూ అంటారు. ఆ మాట వెనక ఒక కులం ఆడవాళ్ల బతుకుతెరువు ఉందని అనేవాళ్లకు తోచదు. ఎరుక అంటే తెలివి. పద్మావతి పెళ్లి కుదరడానికి వేంకటేశ్వరుడు అంతటివాడు ఎరుకలసాని వేషం వేశాడని కథ చెప్పుకుంటారు. యక్షగానాల్లో నాయిక మనసులో మాట చెప్పడానికి ఎరుకత వస్తుంది. వేషంగా మేము పనికొచ్చాం, మనుషులుగా రాలేదు. 1871 నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు ఆ కాలపుదే. పేరు నమోదైన వాళ్లు చెప్పిన వేళకు హాజరు పలకాలి. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ ముద్ర పోయేదాకా మా వాళ్లకు కాలం అంటే ఇతరులు పెట్టిన కాలమే. గుడి దగ్గర ఒక కాలం, ఠాణా దగ్గర ఒక కాలం. ఆ రెండింటినీ కట్టినప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అలాగని మనదంతా మంచిదని చెప్పడం విమర్శ కాదు. మా నాయనమ్మ సోది కూడా రెండో పుస్తకంలోదే. వచ్చినవాళ్ల ముఖం చూసి, వాళ్ల కష్టం పసిగట్టి ధైర్యం చెప్పేది, నిజమే. ఆ ధైర్యం ఒక్కోసారి ఆసుపత్రికి పోవలసిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టింది. మా ఇంట్లోనే జరిగింది. మా అక్కకు నొప్పులు వచ్చిన రోజు అమావాస్య. పొద్దు గుంకే వేళ గడప దాటొద్దు, తెల్లవారనివ్వండి అన్నారు మా పెద్దవాళ్లు. ఆ మాట చెప్పింది ఏ పురోహితుడూ కాదు, మనవాళ్లే. తెల్లవారి బండి కట్టేసరికి బిడ్డ దక్కలేదు. అక్క ఇప్పటికీ అమావాస్య రోజు మాట్లాడదు. రాహుకాలాన్ని ప్రశ్నించే నోటితో ఈ అమావాస్యనూ ప్రశ్నించకపోతే మన విమర్శకు విలువ లేదు.

ఇంకో సంగతి మనల్ని కలవరపెట్టాలి. మన కాలనీల్లో, తండాల్లో పెళ్లి అంటే ఇప్పుడు ముందు పంచాంగమే. మూఢమొచ్చిందని మూడు నెలలు ఆగుతారు. ఆగడం వల్ల అప్పు పెరుగుతుంది, మంచి ముహూర్తం ఒకటే కాబట్టి టెంటు, వంట, బండి అన్నీ రెట్టింపు ధరవుతాయి. ఒకప్పుడు మనకు వేరే కొలతలుండేవి. సుగాలీలు ఆషాఢంలో సీత్లా చేస్తారు, శ్రావణంలో బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు తీజ్ చేస్తారు. కోయలు కొత్తల పండుగ చేసుకున్నాకే కొత్త పంట నోట్లో పెట్టుకుంటారు. ఆ కొలతల్లో తేదీ ముందు రాదు, పని ముందు వస్తుంది. పండు పక్వానికి వస్తే పండుగ వస్తుంది. ఇవి మన పిల్లలకు తెలియకుండా పోతున్నాయి.

మా పెళ్లప్పుడు పురోహితుడు జన్మనక్షత్రం అడిగాడు. తెలియదన్నాం. పేరులో మొదటి అక్షరం చూసి ఒక నక్షత్రం రాసుకున్నాడు. మా పేరు పెట్టింది బడిలో చేర్చిన పంతులు. ఇంటిపేరుతో పిలిచే పేరు ఆయనకు నచ్చక వేరే పేరు రాశాడు. పుట్టిన తేదీ జూలై 1 అని వేసింది కూడా ఆయనే. మీలో చాలామంది సర్టిఫికెట్ల మీదా జూన్, జూలైలే ఉంటాయి. అంటే ఒకరు ఊహించిన పేరుకు ఇంకొకరు నక్షత్రం కట్టారు. దాని మీద ముహూర్తం నిలిచింది.

కొన్నేళ్ల తర్వాత మా నాన్నను అడిగాం, మేము ఎప్పుడు పుట్టామని. ఆయన ఆలోచించకుండా చెప్పాడు. "ఉప్పెన వచ్చాక మూడో పత్తి. పట్టపగలు చీకటి పడ్డ సూర్యగ్రహణం ఉంది చూడు, ఆ అమావాస్యకు ముందటి పున్నమి. రాత్రి వెన్నెల్లో మంత్రసానిని పిలుచుకొచ్చాను" అన్నాడు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ఆ గ్రహణం 1980 ఫిబ్రవరి 16. దానికి ముందటి పున్నమి ఆ ఏడాది జనవరి నెలాఖరు రాత్రి, మాఘ పున్నమి. పాత పంచాంగం తీసి చూస్తే సరిపోయింది. అక్షరం రాని మా నాన్న లెక్కా, పంచాంగంలోని మొదటి పుస్తకమూ కలిస్తే మా పుట్టినరోజు దొరికింది. ఉద్యోగపు కాగితాల్లో మాత్రం ఇంకా జూలై 1 ఉంది.

అందుకే తోటి ఉపాధ్యాయులకు ఒక పని చెబుతున్నాం. ఒక నెలపాటు పిల్లలచేత రోజూ చంద్రుణ్ణి బొమ్మ గీయించండి, ఏ వేళకు ఎక్కడ కనిపించాడో రాయించండి. తిథి ఎలా పుట్టిందో వాళ్లకే తెలుస్తుంది. తర్వాత ఇళ్లకు పంపి, అవ్వాతాతల్ని అడిగి రమ్మనండి: ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ గాలివానకు, ఏ కోతకు, పత్తిని తెల్లదోమ తిన్న ఏడాదికి ముందా వెనకా? ఆ నోటుబుక్కు మన పంచాంగం అవుతుంది. కోతల కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా బడి రిజిస్టర్లో గైర్హాజరు గీతలు పడే పిల్లలు ఎక్కడికి పోయారో కూడా అందులో రాయండి.

మన పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది, పంచాంగం పోతే నక్షత్రాలు పోతాయా అని. పోవు. అయితే ఆ నక్షత్రాలకింద పుట్టిన రోజును చూసినవాళ్లు పోతున్నారు. మా నాన్నకు ఎనభై దాటాయి. మీ ఇళ్లలో ఉన్నవాళ్లను ఈ వేసవి సెలవుల్లోనే అడగండి.